నాలుగు పేజీల దూరం

రజియా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఆ రాణి నవల ఈరోజే మళ్ళీ తీశాను. భవానీపురంలో నువ్వు జాకెట్లు కుడుతుంటే రోజుకి పది పేజీలు చదివి వినిపించేదాన్ని. ముద్దుల దగ్గర నా గొంతు తగ్గితే మిషన్ ఆపేసేదానివి. "గట్టిగా చదువు సరళా! ఇద్దరు పిల్లల తల్లివి, ఇంకా సిగ్గేంటే?"

నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడూ రోజుకి పది పేజీలే చదివాను. చివరి సాయంత్రం పుస్తకం మూస్తుంటే నా చెయ్యి పట్టుకున్నావు.

"రాణీ, సేనాపతీ మళ్ళీ కలుస్తారా? చివర చూసి చెప్పవే."

"వరస తప్పితే మజా ఏముందే? రేపు చదువుకుందాం," అన్నాను.

తెల్లారేసరికి నువ్వు లేవు.

ఇవాళ ఆగిన చోటి నుంచే మొదలుపెట్టాను. నాలుగో పేజీలోనే కలిశారు రజియా. పన్నెండేళ్ళ తర్వాత, వానలో, కృష్ణ రేవు పక్కన గుడిసెలో. అతను ఆమె తడి జుట్టు విప్పాడు. ఆమె అతని భుజం మీది పాత గాయాన్ని పెదవులతో తడిమింది. తెల్లవార్లూ ఒకరినొకరు వదల్లేదు.

ఆ సాయంత్రం పేజీలు తిప్పకపోయినా, "కలుస్తారులే" అని నీతో ఒక్క మాట అనాల్సింది. అది అబద్ధం కూడా అయ్యేది కాదు.