రేకుల ప్రెస్సు చప్పుడు

నాన్నకు, నేను బాగానే ఉన్నాను, బెంగపడకు. ఫోన్లో నా మాట నీకు వినపడడం లేదని కార్డు రాస్తున్నాను.

మొన్న మా కాలేజీ వర్క్‌షాపులో రేకులు నొక్కే ప్రెస్సు చప్పుడు ఎంతుందో కొలిచాం. అచ్చం మీ ఫ్యాక్టరీలో నువ్వు నడిపే ప్రెస్సు లాంటిదే. మీటరు ముల్లు ఎర్రగీత దాటిపోయింది. మాస్టారు మిషను ఆపి, "చెవులకు ఏమీ పెట్టుకోకుండా దీని పక్కన ఏళ్ల తరబడి నిలబడితే చెవులు పోతాయి. పోయాక మళ్లీ రావు" అన్నారు. అందరూ రాసుకున్నారు. నేను నీ ఏళ్లు లెక్కపెట్టుకున్నాను. నువ్వు ఇరవై రెండేళ్లు నిలబడ్డావు.

చెవులకు పెట్టుకునే తొడుగులు పార్సిల్లో పంపాను. ఎవరు ఎగతాళి చేసినా తియ్యకు, మిగిలిన కాస్త వినికిడైనా దక్కాలి. "చెవిటివాడి ముందు శంఖం" అంటూ విసుక్కోవద్దని అమ్మకు చెప్పు. ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడమను. తమ్ముడికి జ్వరం తగ్గిందా?

కార్డులో చోటు అయిపోతోంది. నన్ను ఇక్కడ చేర్పించిన రోజు ఆఫీసు గుమస్తా "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే, నువ్వు "పొద్దున్నే తినేసి వచ్చామండీ" అన్నావు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేను నవ్వడం చూసి నువ్వూ నవ్వావు. నన్ను క్షమించు నాన్నా.

అమ్మకు దండాలు, తమ్ముడికి ముద్దులు.

నీ పెద్దమ్మాయి