ఎక్కువ వేయించిన పట్టీ

అశోక్ నగర్,
మంగళవారం

వెంకటేశన్నా,

ఫోన్‌ల చెప్తే నవ్వి పెట్టేస్తవని రాస్తున్న. ఊరికొస్తున్న కనకయ్య మామ చేతికిస్తున్న. సగం చదివి జేబుల పెట్టుకోకు.

మన ట్రాలీ బండికి నువ్వడిగిన గట్టి స్ప్రింగుల కోసం నారాయణగూడల మెకానిక్ దగ్గరికి పోయిన. ట్రాలీల ఏం మోస్తరని అడిగిండు. వడ్ల బస్తాలన్న. గురువారం మాత్రం మా సంధ్యక్కను అత్తగారింటి నుంచి కాన్పుకు తెస్తున్నమన్న. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టిండు.

"వెనక స్ప్రింగుల కమాన్ పట్టీలు ఎక్కువ వేయించినరా?"

ఒకటి వేయించినమన్న.

"బస్తాలకు అది మంచిదే. ఖాళీ బండైతే మనిషిని ఎగరేస్తది. కొత్తవెందుకు? ఆ పట్టీ తీపిచ్చి, టైర్ల గాలి జర తగ్గియ్యిరి."

ఎండాకాలం పట్టీ విరిగినప్పుడు ఇంకోటి ఎక్కువ వేయించమన్నది నేనే. గట్టిగుంటే గుంతలు తెల్వయన్న. నాకేం ఎరుక? గ్రూప్స్‌కు చదువుతున్నడని మీరందరు నా మాట విన్నరు. పొద్దటి నుంచి ఏ పుస్తకం తెరిచినా అక్క అత్తగారి ఊరి మట్టితొవ్వే కనబడుతున్నది.

నువ్వెప్పుడు స్టీరింగ్ కాడనే కూసుంటవ్, వెనక ఎట్లుంటదో నీకు తెల్వది. పట్టీ తీపిచ్చినంక బండి కనకయ్య మామను నడపమను. నువ్వు చెంబు నిండ నీళ్లు పట్టుకొని వెనక కూసో. అక్క అత్తగారి ఊరిదాంక అట్లనే పో.

నీ అంగి తడిస్తే మాత్రం అక్కను ఎక్కియ్యకన్నా.

నీ తమ్ముడు