ఎడమకు వాలిన కుట్టు

నవంబరు 9, సోమవారం
షాపులో, మధ్యాహ్నం బేరాల్లేని వేళ

ప్రియమైన మా ఆడపడుచుకు,

ప్రభువు నామంలో నీకూ, మీ ఆయనకూ, పిల్లలకూ మీ వదిన వందనాలు. దేవుని కృపవల్ల ఇక్కడ అందరం క్షేమం, మీ అన్నయ్య మోకాలు ఒక్కటి తప్ప. దానికి ఏ తైలమూ నచ్చడం లేదు, మీ ఇంటి మొండితనం దానికీ వచ్చింది.

పోయిన ఉత్తరంలో నువ్వు నాకో ప్రసంగం చేశావు. ఎదుటి షాపాయన మీద ఇంత కోపం పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గరికి ఎలా వెళ్తున్నావు వదినా అని అడిగావు. చదివి నాకు ఒళ్ళు మండింది. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా! అసలు మొగుడు పల్లెత్తు మాట అనడు, ఈ అర్ధమొగుడేమో కవరు నిండా చీవాట్లు కుక్కి పంపిస్తుంది. ఆ ఉత్తరాన్ని మిషను సొరుగులో అడుక్కి తోసేశాను. కానీ ఈ నాలుగు రోజుల్లో ఏం జరిగిందో చెప్తే, నీ చీవాట్లు వృథా పోలేదని సంతోషిస్తావు.

నీ పెళ్ళయ్యాక జరిగినవి కొన్ని నీకు సగం సగమే తెలుసు కాబట్టి వరసగా రాస్తాను. మనం తెరలూ, కుర్చీల గలీబులూ కుడతాం, ఆయనా అవే కుడతాడు. మధ్యలో వీధి ఉంది కాబట్టి సరిపోయింది. ఆదివారం వెళ్ళేది ఒకే మందిరానికి. మేము ముందు బెంచీ, ఆయన చిట్టచివరి బెంచీ. మనిషిది ఎడంచేతి వాటం, కత్తెర కూడా ఎడంచేతిదే తెప్పించుకుంటాడు. పోయినేడాది ఆయన మందిరం గుమ్మంలో నిలబడి నా కుట్టు వదులైందని అంటుంటే విన్నానని గుండీల షాపావిడ మోసుకొచ్చింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, నీకు తెలుసుగా. ఆ తర్వాత కొన్నాళ్ళకే బడివాళ్ళ కొత్త సభామందిరానికి తెర కుట్టే పని, మనకు రావాల్సింది, ఆయనకు పోయింది. నేను దీనికీ దానికీ ముడిపెట్టుకున్నాను. అప్పట్నుంచి మాటల్లేవు.

మొన్న శుక్రవారం సాయంత్రం ఆయన ఆ తెరను ముడతలు దిగడానికి షాపులో వేలాడదీశాడు. మెరూన్ రంగు వెల్వెట్. చూడకూడదనుకుంటూనే మన మెట్టు మీద నిలబడి చూశాను. పొద్దు ఏటవాలుగా ఆయన షాపు అద్దంలోంచి లోపలికి పడింది. చూద్దును కదా, తెర మధ్యలో ఒక పట్టీ మిగతావాటికంటే నల్లగా ఉంది!

వెల్వెట్ పిల్లి వీపులాంటిదని నీకు పని నేర్పేటప్పుడు చెప్పేదాన్ని, గుర్తుందా? నూగు వాలిన వైపు నిమిరితే ఒక రంగు, ఎదురు నిమిరితే ఇంకో రంగు. ఆయన ఒక పట్టీని తలకిందులుగా కలిపి కుట్టేశాడు. ట్యూబులైటు కింద దగ్గరగా నిలబడితే అది తెలియదు. కాస్త దూరం కావాలి, పక్కనుంచి వెలుగు పడాలి. ఆ రెండూ కుదిరే చోటు ఈ వీధి మొత్తానికి మన మెట్టు ఒక్కటే. ఇక వేదిక దీపాలు వేస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. సోమవారం ప్రారంభం, తల్లిదండ్రులంతా వస్తారు. ఆ తెర అలాగే లేస్తే ఆయనకు మళ్ళీ ఎవరూ గుడ్డ చేతికివ్వరు.

నా ఆనందం ఏమని రాయమంటావు! మీ అన్నయ్యను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మరీ చూపించాను. నా కుట్టుకు వంక పెట్టినవాడి కుట్టు చూడండి అన్నాను. మీ అన్నయ్య చూసి, మెడలో టేపు తీసి చుట్టుకుంటూ, నువ్వు చెప్తావా, నేను వెళ్ళి చెప్పనా అని అడిగాడు. ఎవరూ చెప్పక్కర్లేదు, మనం చేసిన తప్పు కాదు, మన నోటితో అబద్ధమాడటం లేదు, ఊరుకుంటే పాపమెలా అవుతుంది అని వాదించాను. మీ అన్నయ్య వాదించడు కదా, అదే నాకు చిరాకు. అన్నం ముందు ప్రార్థనలో మాత్రం, ఎదురింట్లో ఒంటరిగా తింటున్న మా సహోదరుణ్ణి కూడా దీవించు ప్రభువా అని ఒక ముక్క కలిపాడు. ఎదుటి షాపాయన భార్య కూతురి కాన్పుకు వెళ్ళిందిలే. నేను ఆమెన్ అన్నాను గానీ అన్నం మీద మనసు పోలేదు. తినకుండా లేచిపోతే ఓడిపోయినట్టు ఉంటుందని మొత్తం తిన్నాను.

తెల్లారి చూస్తే మీ అన్నయ్య కుంటుకుంటూ చెప్పులేసుకుంటున్నాడు. ఆ మోకాలితో వీధి దాటితే ఆ తర్వాత వారం రోజులు కాపడం పెట్టేది ఎవరు? మీరు కూర్చోండి, నేనే వెళ్తానని విసురుగా బయల్దేరాను. నీ ఉత్తరం కూడా వెనకనుంచి నెట్టిందని ఒప్పుకుంటాను, ఎక్కువ గర్వపడకు.

నన్ను గుమ్మంలో చూసి ఆయన కత్తెర పట్టుకుని అలాగే లేచి నిలబడ్డాడు. కొట్లాటకొచ్చాననుకున్నాడు పాపం. ఒకసారి మా మెట్టు మీదికొచ్చి మీ తెర చూడండి అన్నాను. ఎందుకని అడగకుండా వచ్చాడు. అద్దంలో పొద్దుటి వెలుగు సరిగ్గా లేదు, కాసేపు కళ్ళు చికిలించాడు. తర్వాత ఆ పట్టీ కనబడింది. మన మెట్టు మీదే కూర్చుండిపోయాడు. ప్రతి ముక్క వెనకా నూగు ఎటు వాలిందో సుద్దతో బాణం గుర్తు మా ఇంటిది పెడుతుందక్కా, ఈసారి తను ఊళ్ళో లేదు, నేనే పెట్టాననుకున్నాను అన్నాడు. ఆ మాట వింటుంటే, ఇన్నాళ్ళూ పెంచిన కోపం చేతికి దొరకలేదు. ఎక్కడ పెట్టానో అని వెతుక్కున్నాను కూడా.

సోమవారానికి మీ ఒక్కరివల్ల కాదు, నేనూ వస్తానన్నాను. శనివారం మన షాపు తలుపు మీ అన్నయ్యకు వదిలేసి ఆయన షాపులో కూర్చున్నాను. పట్టీ రెండు వైపులా కుట్టు విప్పి, తిరగేసి, మళ్ళీ మిషను మీద వేశాం. కింది మడత చేత్తోనే కుట్టాలి. నేను కుడి కొసనుంచి, ఆయన ఎడమ కొసనుంచి మొదలుపెట్టాం. తమాషా ఏమిటంటే, నా కుట్లు కుడికి వాలితే ఆయనవి ఎడమకు వాలాయి. మధ్యలో కలిసినచోట ఇద్దరం చూసి నవ్వుకున్నాం. మాటలాగిపోయాక ఆయన నవ్వు చూడటం అదే మొదలు.

అప్పుడు నేనొక మంచి పని చేశాను. నీకు చెప్పాలనే ఇంత పొడుగు రాశాను. మీరు నా కుట్టు వదులని అన్నది నాకు తెలుసు, మందిరంలో వాక్యం చెప్పే పుల్పిట్ మీద నేను కుట్టి పరిచిన గుడ్డ చూడండి, ఇన్నేళ్ళలో ఒక్క పోగు కదల్లేదు, అయినా ఆ మాట ఇవాళ్టితో క్షమించేస్తున్నాను అన్నాను. ఆయన నోరు తెరిచాడు, మూశాడు. తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని, అవునక్కా, ఆ గుడ్డ గట్టిగానే ఉంది, మీ మనసు పెద్దది అన్నాడు. సూదిలో మళ్ళీ దారం ఎక్కించుకున్నాడు.

నిన్న బల్ల దగ్గర రొట్టె తీసుకుంటుంటే గుండె తేలిగ్గా ఉంది. ఇవాళ పొద్దున ఇద్దరం బడికి వెళ్ళాం. దీపాలు వేశారు, తెర లేచింది, ఎవరూ తెర వైపు చూడనైనా లేదు. మన పనిలో అంతకంటే పెద్ద మెప్పు లేదు. క్షమించడం ఇంత సుఖంగా ఉంటుందని తెలిస్తే ముందే చేసేదాన్ని.

నీ పిల్లలకు ముద్దులు. ఈసారి చీవాట్లు కాస్త తగ్గించి, కబుర్లు ఎక్కువ రాయి.

నిన్ను తిట్టుకుంటూనే నీకోసం ప్రార్థించే
మీ వదిన

తా.క. మంగళవారం: కవరు అంటించబోతూ ఇది రాస్తున్నాను. పుల్పిట్ గుడ్డ ఉతకడానికి తెద్దామని పొద్దున మందిరానికి వెళ్ళాను. అక్కడ ఊడ్చే ఆవిడ, లోపలి అంచు దగ్గర మెల్లగా ఉతకమ్మా అంది. ఎందుకంటే, పోయినేడాది అది జానెడు మేర ఊడి వేలాడుతుంటే ఎదుటి షాపాయన చూశాడట. కుట్టు వదులైంది, ఇలా ఇవ్వమ్మా అని అక్కడే గుమ్మంలో కూర్చుని కుట్టిచ్చాడట. కుట్టినావిడకు చెప్పకు, చిన్నబుచ్చుకుంటుంది అని కూడా అన్నాడట. గుండీల షాపావిడ విన్నది మొదటి మాటే. బడి పని ఆయనకు ఎందుకు పోయిందో బడివాళ్ళకే తెలియాలి.

నేను నమ్మలేదు. గుడ్డ తిరగేసి కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. అంచంతా నా కుట్లు కుడికి వాలి ఉన్నాయి. ఒక జానెడు మాత్రం ఎడమకు వాలింది.

తను చేసిన మేలుకు నా క్షమ పుచ్చుకుని, పైగా నా మనసు పెద్దదన్నాడు ఆ మనిషి. మీ అన్నయ్యకు చెప్తే నా చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. ఈ ఉత్తరం డబ్బాలో వేసి, అట్నుంచి అటే ఆయన షాపుకు వెళ్తున్నాను. ఏం చెప్పాలో తెలియదు. నువ్వు ప్రార్థన చెయ్యి.