కోతలో పోయిన పేరా

అక్కకి,

ఇవాళ ఉదయం తొమ్మిది ఇరవైకి, కనబడకుండా పోయిన విమానం రెక్క ముక్క ఒకటి సముద్రంలో దొరికింది. చేపలు పట్టేవాళ్ళ వలకి తగిలింది. దాని మీద చెక్కిన నంబరు ఆ విమానానిదేనని మధ్యాహ్నానికి అధికారులు తేల్చారు. ఈ ఉత్తరం చేరేసరికి నువ్వు టీవీలో చూసే ఉంటావు.

నేను బాగున్నాను. నువ్వూ, బావా, పిల్లా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. అందరం క్షేమం అన్న మాట రాయడానికి ఎప్పుడూ చెయ్యి ఆగలేదు గానీ ఈ హోటల్లో కూర్చుని రాస్తుంటే ఆగుతోంది. ప్రయాణికుల కుటుంబాలన్నిటినీ విమాన కంపెనీ ఇక్కడే ఉంచింది. కింద పెద్ద హాలు వాళ్ళది. దాని పక్కన, మడత కుర్చీలు పేర్చుకునే గది మా విలేకరులది.

ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరమేంట్రా అంటావు. ఫోనైతే సగంలోనే "పోనీలేరా" అనేస్తావు. నువ్వు ఆ మాటంటే నేను నిజంగానే పోనిచ్చేస్తాను. కాగితమైతే నా మాటకి అడ్డం రాలేవు.

ముందు నువ్వడిగినవి చెబుతాను. వేళకి తింటున్నాను. చొక్కాలు ఇక్కడి లాండ్రీలోనే వేస్తున్నాను. వాళ్ళు కాలరు ఇస్త్రీ చేసిన తీరు చూస్తే నువ్వు ఆ షాపుకి తాళం వేయించి గానీ ఊరుకోవు.

పిల్ల కాలేజీ నుంచి రాగానే కంప్యూటరు ముందు కూర్చుని, ఉపగ్రహం తీసిన సముద్రం ఫొటోల్లో తెల్లచుక్కలు వెతికి పంపుతోందని రాశావు. ఏదైనా దొరికితే అది దాని చుక్కేనేమో కనుక్కోమన్నావు. కాదక్కా. అలా లక్షల మంది పంపారు. ఓడలు వెళ్ళి చూసినంతవరకు అన్నీ అలల నురగే. ఈ సంగతి దానికి మెల్లిగా చెప్పు. కళ్ళు పాడుచేసుకుందని తిట్టకు. చేతులు ముడుచుకుని కూర్చోలేకపోయింది, అంతే.

విమానాన్ని ఎక్కడో దింపి దాచేశారని బావ నీ లాండ్రీ కౌంటరు ముందు ఉపన్యాసాలిస్తున్నాడన్నావు. ఆయన ఒంటరివాడేం కాదని చెప్పు. హోటలు ఎదురుగా ఉన్న సెలూన్లో గడ్డం గీయించుకుంటుంటే అక్కడి ఆయన అడిగాడు, "సార్, మీకు తెలిసే చెప్పట్లేదు కదూ?"

"ఏం తెలిసి?"

"అదే, దాచిన చోటు."

"తెలిస్తే రాయనా?"

"రాయనివ్వరుగా!" అని కత్తి నా గొంతు దగ్గర ఆపి, అద్దంలోంచి వెనక బెంచీ మీదవాళ్ళకి కన్నుకొట్టాడు. గొంతు మీద కత్తి పెట్టుకుని వాదించలేం కదా. ఒప్పేసుకున్నాను.

హోటలు గేటు దగ్గర ముక్కూ మొహం తెలియనివాళ్ళు పూలు పెట్టి పోతున్నారు. ఒక పెద్దాయన రోజూ వస్తాడు, కాసేపు నిలబడతాడు, వెళ్ళిపోతాడు. "మీవాళ్ళెవరైనా ఉన్నారా అందులో?" అని అడిగాను. "లేరు బాబూ. ఇంట్లో తోచట్లేదు," అన్నాడు.

ఇక బేకరీ ఆవిడ సంగతి.

"కొడుకు ఫోను ఎత్తాడా?" అని నీ ఉత్తరంలో రెండు చోట్ల అడిగావు. నేను రాసిన వార్త కత్తిరించి కౌంటరు అద్దం కింద పెట్టానన్నావు. పైగా, "రోజూ షాపు తీయగానే ఆ నంబరుకి ఒకసారి చేస్తున్నా, బట్టలకొచ్చినవాళ్ళ చేతా చేయిస్తున్నా, ఎవరో ఒకరికి పలక్కపోతాడా, ఆవిడకి నా మాటగా చెప్పరా," అని రాశావు. చెప్పలేదక్కా. ఎందుకు చెప్పలేదో చెప్పాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఆవిడ బేకరీలో పిండి కలిపే మనిషి. కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పని మీద ఆ విమానం ఎక్కాడు. ఆవిడకి వాడు తప్ప ఇంకెవరూ లేరు. ఇక్కడికి వచ్చినప్పుడు ఆవిడ కూడా అందరిలాగే కొడుక్కి ఫోను చేస్తూ ఉండేది. స్విచాఫ్ అని వచ్చేది. తర్వాత మానేసింది.

మా ఫొటోగ్రాఫరుకి ఫొటో కావాలి. "ఒక్కసారి చేస్తున్నట్టు చెవి దగ్గర పెట్టుకోండమ్మా," అన్నాడు. చేస్తున్నట్టు ఉండడం ఆవిడకి చేతకాలేదు. నిజంగానే చేసింది. అటువైపు మోగింది.

"మోగుతోందయ్యా! ఇదిగో, నువ్వు విను!" అని ఫోను నా చెవికి ఆనించింది. విన్నాను. నాలుగైదుసార్లు మోగి ఆగిపోయింది.

వెంటనే ఆ ఫోను కంపెనీ ఇంజనీరుతో మాట్లాడాను. "మీకు వినిపించిందంటే అక్కడ మోగినట్టు కాదండీ," అన్నాడు. "ఆ ఫోను ఎక్కడుందా అని మా నెట్‌వర్కు వెతుకుతున్నంతసేపు, చేసినవాళ్ళు పెట్టెయ్యకుండా ఒక్కోసారి ఇటువైపు మేమే ఆ చప్పుడు వినిపిస్తాం. ఫోను నీళ్ళ అడుగున ఉన్నా అలా వినిపించొచ్చు." మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పాడు.

ఆ మాట వార్తలో రాశాను. చివరి పేరాలో రాశాను.

మా వృత్తి పద్ధతి నీకు తెలియదు. ముఖ్యమైన మాట పైన పెడతాం, ఆ తర్వాతది దాని కింద. పేజీలో చోటు చాలకపోతే, ఆఫీసులో వార్తలు దిద్ది పేజీలో పెట్టే డెస్కువాళ్ళు కింద నుంచి కోస్తారు. ఉద్యోగంలో చేరిన వారంలోనే నేర్చుకునే పాఠం ఇది. ఆ రోజు పేజీలో చోటు లేదని నాకు ముందే తెలుసు. ఇంజనీరు మాట పైన పెడితే అసలు వార్తే ఉండదనీ తెలుసు. అందుకే కింద పెట్టాను. అబద్ధం రాయలేదు. నిజాన్ని కత్తెరకి అందేచోట పెట్టాను.

డెస్కు అబ్బాయి ఫోను చేశాడు. "అన్నా, చివరి పేరా పోయింది, ఏమనుకోకు," అన్నాడు.

"పర్లేదులే," అన్నాను.

ఆ "పర్లేదులే" నాకు ఇప్పటికీ వినిపిస్తోంది. కావాలంటే అప్పుడు పెట్టించగలిగేవాణ్ణి. ఫొటో చిన్నది చేయమంటే చేసేవాడు.

మర్నాడు అన్ని చోట్లా ఆ వార్తే. ఆవిడ ఫోను నా వైపు చాపుతుండగా తీసిన ఫొటోలో తెర మీద నంబరు కూడా స్పష్టంగా పడింది. దాన్ని చెరపాలని నాకు గానీ డెస్కుకి గానీ తోచలేదు. జనం ఆ నంబరుకి చేయడం మొదలుపెట్టారు. నువ్వూ చేశావు, నీ షాపుకొచ్చినవాళ్ళూ చేశారు, ఏ దేశంలోనో ఉన్నవాళ్ళూ చేశారు. చెడు తలపెట్టి ఎవరూ చేయలేదు. ఇక్కడి హాల్లో మిగతా కుటుంబాలవాళ్ళు కూడా మళ్ళీ తమవాళ్ళకి చేసి చూసుకున్నారు. వాళ్ళకి ఏ చప్పుడూ రాలేదు. ఒకావిడ బేకరీ ఆవిడని చూసి, "నీదే అదృష్టం తల్లీ," అని మొహం తిప్పుకుంది.

ఇవాళ రెక్క ముక్క సంగతి చెప్పాక అధికారి ఒకరు మైకు పట్టుకుని, రేపు హాల్లో కుటుంబాలవాళ్ళ నుంచి రక్తం నమూనాలు తీసుకుంటామన్నాడు. సముద్రంలో ఎవరైనా దొరికితే ఎవరి మనిషో పోల్చాలంటే అవే ఆధారం. హాలంతా ఏడుపు. బేకరీ ఆవిడ మాత్రం లేచి నిలబడింది.

"నేనివ్వను," అంది.

"అమ్మా, మీరొక్కరే ఉన్నారు ఆ అబ్బాయికి. మీరివ్వకపోతే..."

"నిన్నంతా నా బిడ్డ ఫోను బిజీ వస్తోంది బాబూ. ఎన్నిసార్లు చేసినా బిజీయే. ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మాట్లాడేవాణ్ణి శవాల్లో వెతుకుతారా మీరు?"

అధికారి మైకు దించాడు. ఆవిడ హాలంతా కలయజూసి, గోడ దగ్గర నిలబడ్డ నన్ను పట్టుకుంది.

"ఇదిగో, ఈయన్ని అడగండి. తన చెవులతో విన్నాడు. పేపర్లో రాశాడు. చెప్పయ్యా, మోగిందా లేదా?"

అందరూ నా వైపు తిరిగారు. "మోగిందమ్మా," అన్నాను.

అంతే అన్నాను. ఆ తర్వాతి మాట నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. ఇక్కడ కోయడానికి డెస్కు కూడా లేదు. నేనే కోసుకున్నాను. ఆవిడ, "విన్నారుగా!" అని కూర్చుంది.

తర్వాత ఇంజనీరుకి ఫోను చేస్తే, ఒకే నంబరుకి అంతమంది ఒక్కసారిగా చేస్తే బిజీ రావచ్చని చెప్పాడు. ఆవిడ కొడుకు మాట్లాడుతున్నాడనుకున్నది మనందరి ఫోన్లక్కా. ఆ నంబరు నీ చేతికిచ్చింది నేను. అది నీ మీద వేసుకోకు.

సాయంత్రం ఎడిటరుతో మాట్లాడాను. "రెక్క దొరికాక నీ సవరణ ఎవరికి కావాలయ్యా?" అన్నాడు. ఒకరికి కావాలన్నాను. ఎవరికని అడిగాడు, చెప్పాను. "సరే, పంపు," అన్నాడు. రేపు మొదటి పేజీలో వస్తుంది. నా పేరుతోనే వస్తుంది. ఇంజనీరు మాట మొదటి వాక్యం.

చూశావా, ఈ ఉత్తరంలో కూడా అసలు మాట కిందికే తోశాను. చెయ్యి అలా అలవాటుపడిపోయింది. నువ్వు కోయవని ధైర్యం.

నువ్వు చేయాల్సింది ఒకటుంది. అద్దం కింద నుంచి ఆ కాగితం తీసెయ్. ఎందుకు తీశావని అడిగినవాళ్ళకి మా తమ్ముడు తప్పు రాశాడని చెప్పు. ఆ నంబరుకి ఎవరూ చెయ్యొద్దను. బావ కాస్త గట్టిగానే చెబుతాడు. చెప్పనీ.

పేపరు చూసి ఎవరో చెప్పేకన్నా ముందు ఆవిడ నా నోటే వినాలి. పొద్దున పేపరు హోటలుకి ఎనిమిదింటికి వస్తుంది. ఇంజనీరు ఏడున్నరకి వస్తానన్నాడు. ఇద్దరం మూడో అంతస్తులో ఆవిడ గదికి వెళ్తాం. ముందు మాట్లాడేది నేనే. పదింటికి హాల్లో నమూనాలు తీసుకోవడం మొదలవుతుంది.

ఇట్లు,
నువ్వు "పోనీలేరా" అనకూడదని కోరుకునే
నీ తమ్ముడు