కలం మొక్కుకున్నాను

7 జనవరి 1962, తెల్లవారుజాము
రాస్తున్న కథ సగంలో ఉంది. ఏడేళ్ల పిల్ల మంచం మీద పడుకుని కిటికీలోంచి మిరపచేలు చూస్తూ ఉంటుంది. ఆ పిల్ల నేనే. అప్పుడు వచ్చిన జ్వరం తగ్గింది కానీ ఎడమకాలు సన్నబడిపోయింది. ఇప్పటికీ కుంటుతూనే బడికి వెళ్లి పాఠాలు చెబుతున్నాను. చదవడం మరిగింది ఆ మంచం మీదే.
అత్తమ్మ లేచింది. పొయ్యి వెలిగించాలి.

21 జనవరి
మూడో క్లాసుకు ఎక్కాలు, నాలుగుకు డిక్టేషన్. ఇంటర్వెల్లో ఒక పేరా. బెల్లు కొట్టినా నేను లేవకపోతే ప్రేమమ్మ టీచరు నా క్లాసు కూడా తనే చూసుకుంది.
హయాత్ మిరప కల్లం నుంచి తుమ్ముకుంటూ వచ్చాడు. కథ ఎంతదాకా వచ్చిందన్నాడు. పిల్ల ఇంకా మంచం దిగలేదన్నాను. దించు మరి, ఎన్నాళ్లు పడుకోబెడతావ్ అన్నాడు మా ఆయన.

2 ఫిబ్రవరి
నజీరాకు జ్వరం. నాలుగేళ్లు నిండలేదు నా కూతురికి.

4 ఫిబ్రవరి
పొద్దున మంచం దిగబోయి పడిపోయింది. కాలు మోపనంటుంది. ఎడమకాలే.
అత్తమ్మ దర్గాలో చాదర్ కప్పుతానని మొక్కింది. నాకున్నవాటిలో పెద్దది ఏదో నాకు తెలుసు. పిల్ల నడిస్తే ఇక కథలు రాయనని మొక్కుకున్నాను.
డైరీ కథ కాదు. అందుకని ఇది రాస్తున్నాను.

5 ఫిబ్రవరి, గుంటూరు
బస్సులో ఒళ్లో పడుకోబెట్టుకుని తెచ్చాం. డాక్టరుగారు చిన్న సుత్తితో మోకాలి కింద తట్టారు. కాలు ఎగిరి ఆయన బొజ్జకు తగిలింది. నా కాలు చూశారు. నీకొచ్చిన పోలియో కాదమ్మా ఇది, కీళ్లజ్వరం అన్నారు. పెన్సిలిన్ ఇంజెక్షన్లు. గుండెకు పాకకుండా నెల పైన రెస్టు.
హయాత్ బయటికి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చేసరికి ముఖం కడుక్కుని ఉన్నాడు.

18 ఫిబ్రవరి
సెలవు అయిపోయింది. బడికి పోతున్నాను. అత్తమ్మ రంజాన్ రోజా ఉంటూనే పిల్లను మంచం దిగకుండా కాస్తోంది.
సాయంత్రం నజీరా కథ చెప్పమంది. మంచం మీది పిల్ల కథే నోటికొచ్చింది. చెప్పడం రాయడం కాదు కదా.

6 మార్చి
రోజూ అత్తమ్మ కూడా వింటోంది. ఇవాళ, తర్వాత ఆ పిల్ల ఏమైందని అడిగింది. తెలియదన్నాను. రాస్తేనే నాకు తెలుస్తుంది. మరి రాయవేం అంది. మొక్కు సంగతి చెప్పేశాను.
"అల్లా నిన్నడిగాడా? ఎవరికన్నా పనికొచ్చేది ఇవ్వాలి అమ్మాయ్. నీ కలం తీసుకుని ఆయనేం చేసుకుంటాడు?" అంది.
మాట అంటే మాటే కదా అన్నాను. ఏడుపొచ్చింది.
"అయితే ఇంకోలా చెల్లించు. బడి మొహం చూడనోళ్లకి అక్షరాలు నేర్పు. ముందు నాకు నేర్పు."
చెవులు ఎర్రబడ్డాయి ఆమెకు. ఎన్నాళ్లనుంచి అడగాలనుకుంటోందో.

20 మార్చి
డాక్టరుగారు నడిపించమన్నారు. చెయ్యి చాపి ఎదురుగా నిలబడ్డాను. నజీరా గుమ్మం దాకా చక్కగా నడిచింది. తిరిగి వచ్చేటప్పుడు కుంటడం మొదలుపెట్టింది. ఏమైందే, నొప్పా అన్నాను.
కాదంది. "నీలాగా" అంది.
హయాత్ నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత నజీరా మామూలుగా నడిచి, చాలా విసుగ్గా ఉంది, ఆడుకుంటానంది.

9 ఏప్రిల్
అత్తమ్మ పలక మీద తన పేరు రాసింది. సర్దార్‌బీ. ఇంత పొడుగా నా పేరు అంది. ఇంకా దాన్నే చూసుకుంటోంది.
నేను పక్కన కూర్చుని ఆ కథ రాసుకుంటున్నాను.