బురద దాటించిన టైర్లు

అన్నా,

నిన్న నీ కూతురు లతకు నొప్పులు మొదలయ్యాయి. వానకు హొసకోటెలో మన వీధంతా బురద. ఆటోలేవీ రాలేదు. వదిననూ లతనూ నీ పికప్‌లోనే ఎక్కించాను.

ఎలాంటి దారికైనా పనికొస్తాయని నువ్వు వేయించిన మొరటు టైర్లు ఇన్నేళ్లకు సగం అరిగాయి. తారు రోడ్డు మీద హోరు కూడా పెరిగింది. అందుకే భయపడుతూనే బయలుదేరాను. మలుపులో బండి పక్కకు జారింది.

"నిలపద్దు చిన్నాయనా, పోనీ!" అని లత అరిచింది.

మెల్లగా పోనిచ్చాను. టైర్లకు పట్టు దొరికింది. బండి గట్టెక్కింది.

ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

"ఆకలిగా ఉండాది కదప్పా, ఇడ్లీ తెస్తావా?" అంది వదిన. నువ్వు పోయాక తను నోరు తెరిచి తిండి అడగడం ఇదే మొదలు. పరుగున వెళ్లి తెచ్చాను.

నీ తమ్ముడు