ముల్లు సున్నాకి వచ్చింది

మానుకోట, 1949. శ్రావణ శుక్రవారం.

రైలు వంతెనను ఒడ్డున మోసే గోడలో పగులు కనిపించిన నాడే దాని మీద గాజు పట్టీ సిమెంటుతో అతికించింది నేను. పగులు పెరిగితే గాజు విరుగుతుంది. ఇంజనీరు సాబ్ రోజూ నన్నే అడిగేవాడు, "నీ గాజు ఏమంటుందయా?" అని.

ఈరోజు కొత్తగా వచ్చిన రాఘవులు, సికింద్రాబాదు నుంచి తెచ్చిన గడియారం లాంటి గేజీని ఆ పగులుకు అడ్డంగా బిగించాడు. గోడ వెంట్రుకంత కదిలినా ముల్లు తిరిగి, ఎంత కదిలిందో చూపిస్తుందట. సాబ్ నా గాజు వైపు చూడనే లేదు. "శభాష్ రాఘవులూ, గిది గదా పనంటే!" అని వాడి భుజం తట్టాడు.

సాయంత్రం కాజీపేట నుంచి వచ్చే బండి మెల్లగా వంతెన ఎక్కింది. ముల్లు కాస్త వణికి, మళ్లీ సున్నాకే వచ్చింది. గోడకు భయం లేదని అందరూ వాడి చుట్టూ మూగారు. నేను మాత్రం నా గాజునే చూస్తూ, విరుగు, విరుగు అని గొణిగాను. వాడి ముల్లు అబద్ధం కావాలి, అంతే. గాజు విరగలేదు.

ఇంటికొస్తే, పుట్టింట్లో ఉండాల్సిన నా భార్య లక్ష్మి బిడ్డనెత్తుకుని గడప మీద కూర్చుంది.

"సంఘపోళ్లను పట్టనీకి ఊళ్లె మిలిటరీ దిగింది. కబురు చేసే తీరు లేక జనగామల బండెక్కిన" అంది.

బిడ్డను చేతుల్లోకి తీసుకుంటూ, ఏ బండి అని అడిగాను.

"వంతెన కాడ కిటికీలకెళ్లి నిన్ను పిలిచిన. పలకలే. ఏందో మొక్కుతున్నవ్, పెదవులు కదులుతున్నయ్. నీ మొక్కేనేమో, సల్లంగ దాటినం."